పాతరలో దీపం ఎందుకు ఆరింది

భయపెట్టే నవలలు నేను ఎనిమిది రాశాను. ఏడు ఇప్పుడు ఎక్కడా దొరకవు. దొరకనందుకు నాకేమీ బాధ లేదు. ఒక్కటి మాత్రం ఇంకా బస్టాండుల పక్కన పుస్తకాలు కిరాయికిచ్చే దుకాణాల్లో, అట్ట ఊడి మళ్లీ అతికించుకుని, తిరుగుతూనే ఉంది. దాని రెండో ముద్రణకు నేను రాసిన ముందుమాటలో ఒక పేరా ఉంది. ఈ కథ నిజమని, మా వైపు ఒక ఊళ్లో ఒక దొంగను పాతర నిజంగానే పొట్టన పెట్టుకుందని, తర్వాతెప్పుడో ఎవరో చెబితే విని నా ఒళ్లు జలదరించిందని అందులో రాశాను. ఆ పేరాలో మూడు అబద్ధాలున్నాయి. చనిపోయినాయన దొంగ కాదు. ఆయనను చంపింది దయ్యం కాదు. ఆ సంగతి నాకెవరూ చెప్పనక్కరలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఇది చెప్పడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఇప్పుడు చెబుతున్నది కూడా ధైర్యం వచ్చి కాదు. దాచి దాచి విసుగొచ్చింది.

యాభైల్లో నేను కట్టంగూర్ దగ్గర ఒక ఊళ్లో బడిపంతులును. ఒంటరివాణ్ని. సాయంత్రాలు గడవక రాయడం మొదలుపెట్టాను. నా మొదటి కథలో కొండ మీద ఒక కోట, చుట్టూ పొగమంచు, పాడుబడ్డ హాలులో పియానో వాయించే ఒక తెల్లదొరసాని. పియానో ఎలా ఉంటుందో నేను చూడలేదు. పట్నంలోని వారపత్రిక సంపాదకుడు ఆ కథను తిప్పి పంపుతూ కార్డు మీద ఒకే ఒక్క వాక్యం రాశాడు: "మీ నల్లగొండ జిల్లాలో ఇంత పొగమంచు ఏ ఊళ్లో పడుతుందో తెలియజేస్తే మేమూ వచ్చి చూస్తాం."

ఆ కార్డును చాలా రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. కోపం తగ్గాక చుట్టూ చూశాను. మంచు లేదు. ఎండ ఉంది. ఎర్రమట్టి, తుమ్మచెట్లు, ఒకదాని మీద ఒకటి ఎత్తిపెట్టినట్టున్న గుండ్లు, మిట్టమధ్యాహ్నం మనిషన్నవాడు కనిపించని బాట. ఇందులో భయం ఎక్కడుందని వెతుకుతుంటే పాతర గుర్తుకొచ్చింది.

పాతర అంటే భూమిలో జొన్నలు దాచుకునే గొయ్యి. మా వైపు పెద్ద రైతుల దొడ్లలో ఉండేది. నోరు ఒక మనిషి దూరేంత ఇరుకు, లోపల పొట్ట వెడల్పు, లోతు రెండు నిలువులు. పంట ఇంటికొచ్చాక లోపల చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి, మట్టితో పేడతో మెత్తి వదిలేస్తారు. ఎండాకాలంలో తీస్తారు. తీసిన వెంటనే దిగకూడదు. నెలల తరబడి మూసిన గింజ లోపలి గాలిని చెడగొడుతుంది. అందుకని ముందు ఒక బుడ్డిదీపాన్ని తాడుకు కట్టి దింపుతారు. వెలిగితే దిగవచ్చు. ఆరితే గొంగడిని తాడుకు కట్టి పైకీ కిందికీ ఆడిస్తూ గాలి కొట్టి, మర్నాటి దాకా ఆగుతారు. చిన్నప్పుడు మా దొడ్లో పాతర నోట్లోకి తొంగి చూస్తుంటే మా అవ్వ నా చెవి పట్టి ఇవతలికి గుంజి చెప్పింది: "దీపం బతికితె మనిషి బతుకుతడు కొడుకా. దీపం సచ్చిందా, ఆ దినం పాతరకు సెలవు."

నేను చేసిందల్లా ఆ మాటలోంచి గాలిని తీసెయ్యడం.

భయం ఎలా పుట్టిస్తారని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ మధ్య మహబూబ్‌నగర్‌లో ఒక గ్రంథాలయంలో దాని గురించే మాట్లాడించారు. నాకు తెలిసింది చెప్పాను, అది అబద్ధమేమీ కాదు. దయ్యంతో మొదలుపెట్టకూడదు, జాగాతో మొదలుపెట్టాలి. లోపలికి ఎన్ని దారులు, బయటికి ఎన్ని దారులు, అది పాఠకుడికి ముందే తెలియాలి. ఇరుకు నోరు, పైన బండ, లోపలి పులిసిన వాసన, మాట వేస్తే లావై తిరిగొచ్చే గొంతు, ఇవన్నీ ఉన్నవున్నట్టు రాయాలి. ఏదీ కల్పించకూడదు. అది చదివినవాడు 'అవును, మా దొడ్లోదీ ఇంతే' అనుకోవాలి. అలా నమ్మాక, అది అట్లా ఎందుకుంటుందో చెప్పే కారణం ఒక్కదాన్ని మాత్రం ఎత్తెయ్యాలి. ఆ ఖాళీలో ఎవరిని కూర్చోబెట్టుకోవాలో పాఠకుడే చూసుకుంటాడు.

నా నవలలో పాతరకు దొంగ ఎవడో తెలుసు. జొన్నలు దొంగిలించినవాడు దగ్గరికొస్తే దీపం ఆరిపోతుంది. దొంగ దిగనని మొండికేస్తాడు. నిజాయితీపరుడు దీపం ఆరినా చీకట్లోకే దిగి, గంప నిండా గింజలతో తిరిగొస్తాడు. దీపం ఆరడానికి మా ఊళ్లల్లో అప్పటిదాకా ఉన్న అర్థం ఒక్కటే: ఆగు. నేను దాన్ని 'నువ్వు దొంగవి' అని మార్చాను.

సంపాదకుడు ఈసారి కార్డు రాయలేదు. వారం వారం అచ్చేశాడు.

ఊళ్లో చదువొచ్చినవాళ్లు నలుగురైదుగురు. అందుకని పత్రిక వచ్చిన రోజు బడి అరుగు మీద కూర్చుని నేనే చదివేవాణ్ని. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నాకు బాగా తెలుసు. పటేలు కూడా కుర్చీ తెప్పించుకుని కూర్చునేవాడు. ఆయన దగ్గర ఏడాది జీతానికున్నతను చివరి మెట్టు మీద కూర్చునేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఆ పాతరలో ఏటా దిగేది అతనే. ఒక సాయంత్రం దీపం ఆరే ఘట్టం చదివి ఆపాను. మెట్టు మీంచి అతను అడిగాడు.

"సారూ, ఒక్క మాట. దీపం ఆర్తె దొంగెట్లయితడు? లోపల గాలి మంచిగుండదు, గంతే గదా?"

"నువ్వూకోరా," అన్నాడు పటేలు. "గాలి సంగతి సారుకు ఎర్కలేదా? గాలని రాస్తె ఎవడు సదువుతడు?"

"పాతర్ల దిగెటోడు వాడు. గందుకే లోపల గుబులైతాంది," అని ఇంకెవరో అన్నారు.

"నాకేం గుబులు? యాడాదికోపారి దిగుతనే ఉన్న. మీరు ఒక్కపారి దిగున్రి, జూస్త."

అంతా నవ్వారు. అతను మాత్రం నా వైపే చూస్తున్నాడు, జవాబు కోసం. "కథల గాలి ఉండదు," అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఆ మాట నాకే నచ్చి, ఇంటికెళ్లి నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆ ఎండాకాలం ఒక శనివారం పటేలు బడి దాకా వచ్చి పిలిచాడు. "సారూ, రేపు పొద్దుగాల పాతర తీస్తున్నం. రాండ్రి, మీ దయ్యం మా ఇంట్ల ఉన్నదో లేదో సూసిపోదురు."

పాతర తీయడానికి మామూలుగా ఇద్దరు ముగ్గురుంటారు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఇరవై మంది దాకా ఉన్నారు. గోడ మీద కూడా కూర్చున్నారు. వాళ్లంతా ఎందుకొచ్చారో నాకు తెలుసు, లోపల సంతోషంగానే ఉంది. బండ చుట్టూ మెత్తిన పేడ ఎండి గట్టిపడి ఉంది. పటేలు భార్య చలికాలంలో వేసిన వేళ్ల గుర్తులు చెక్కుచెదరలేదు. అది నేను కళ్లారా చూశాను. అక్కడున్న ప్రతి ఒక్కరూ చూశారు. జీతగాడు గడ్డపారతో ఆ మెత్తిన పేడను కొట్టి, బండను పక్కకు జరిపాడు. వేడి వాసన, పుల్లటిది, మొహానికి కొట్టింది. బుడ్డిని తాడుకు కట్టి దింపాడు. సగం దాకా వెళ్లిందో లేదో, మంట సన్నబడి, ఎర్రబడి, పోయింది.

తర్వాత గోడ మీదున్న ఒకతను, అరుగు మీద నేను ఆగినట్టే ఆగి, నేను తగ్గించినట్టే గొంతు తగ్గించి, "ఆరింది," అన్నాడు.

జీతగాడు తాడు పైకి లాగి చుట్టుకుంటూ అన్నాడు: "రేపు దిగుదం పటేలా. గొంగడి దింపి గాలి కొడ్త."

"రేపెందుకురా? నీ మొకం జూసే ఆరిందది," అన్నాడు గోడ మీదతను.

"జొన్నలు ఏడికి పోయినయో దీపానికి ఎర్కైనట్టుంది!"

నవ్వులు. పటేలు కూడా నవ్వాడు, కానీ సగంలో ఆపాడు. "ఏందిరా, దిగనంటున్నవు? ఏమన్న కత ఉన్నదా?"

"కత లేదు, కాకరకాయ లేదు. గాలి బాగలేదు."

"పోయినేడు దిగలే?"

"పోయినేడు దీపం ఆర్లే పటేలా."

"గదే నేననేది. పోయినేడు ఆర్లే. ఈయేడు ఆరింది."

అతను నా వైపు తిరిగాడు. "సారూ, మీరన్న జెప్పున్రి."

'గాలి చెడింది, ఆగండి' అంటే సరిపోయేది. అది నాకు తెలుసు, మా అవ్వ చెవి మెలిపెట్టి నేర్పింది. కానీ ఇరవై మందీ నా నోటి వంక చూస్తున్నారు, అరుగు మీద చూసినట్టే. నేను నవ్వాను. "కథలనైతే మంచోడు దిగొస్తడు గదా," అన్నాను.

అతను నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందని నేను చెప్పలేను. తలగుడ్డ విప్పి నడుముకు బిగించాడు. పాతర నోటి దగ్గర కూర్చుని, అంచులు పట్టుకుని జారాడు. "గంప దింపున్రి," అన్న మాట లోపలి నుంచి లావుగా వచ్చింది. దింపారు. తాడు వదులుగానే ఉండిపోయింది.

ఇక్కడ జరిగింది రాయడానికే నేను ఇన్నేళ్లు వాయిదా వేశాను. నా నవలలో మంచివాడు లోపలికి దిగాక చాలాసేపు ఏ చప్పుడూ ఉండదు. పాఠకుడి ఊపిరి బిగపట్టించడానికి నేనే అక్కడ ఆ నిశ్శబ్దం పెట్టాను. ఒక పేజీ నిండా పెట్టాను, దానికి ఉత్తరాలు కూడా వచ్చాయి. ఆ పొద్దున పాతర చుట్టూ నిలబడ్డవాళ్లంతా అదే నిశ్శబ్దమనుకుని, అది అయిపోవాలని ఎదురుచూశారు. "భయపెడ్తున్నడు," అని ఒకతను నవ్వాడు. నేనూ ఎదురుచూశాను.

ముందుగా అరిచింది పటేలు భార్య. అప్పుడు కదిలారు. నడుముకు తాడు కట్టుకుని దిగిన కుర్రవాడు ఊపిరాడక వెంటనే పైకొచ్చి కూలబడ్డాడు. బావిలో పడిన బొక్కెనలు తీసే గాలం తెచ్చారు. బట్టకు తగిలించి పైకి లాగి, ఎండలో పడుకోబెట్టి, మొహం మీద నీళ్లు కొట్టారు. బండి కట్టమని ఎవరో అన్నారు. దవాఖానకు తీసుకుపోయే పని అప్పటికే లేదు.

సాయంత్రానికి ఊరంతా ఒకే మాట: పాతర దొంగను పట్టింది. గాలి అన్న మాట ఎవరి నోటా రాలేదు. బండను ఎవరూ ముట్టలేదని చెప్పే ఆ చెదరని వేళ్ల గుర్తుల సంగతి పటేలు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

అతని భార్య చంటిపిల్లను చంకనేసుకుని బడికి వచ్చింది. అతను పోయి అప్పటికి ఆరేడు నెలలైంది. పంట నూర్పిడి రోజులు. ఆమెను ఏ కల్లంలోకీ పిలవడం లేదు. గింజ ఉన్న చోట దొంగ పెండ్లాం చెయ్యి పడొద్దని ఆడవాళ్లే అన్నారట.

"సారూ, గది కథేనని ఒక్కపారి అరుగు మీద కూసోని జెప్పున్రి. మీరు జెప్తె ఇంటరు."

"చెప్తానమ్మా," అన్నాను.

"ఎప్పుడు జెప్తరు?"

"వచ్చే వారం."

వచ్చే వారం వచ్చింది. ఆ తర్వాత ఇంకా చాలా వారాలు వచ్చాయి. మహబూబ్‌నగర్ వైపు బదిలీకి అర్జీ పెట్టుకుని వెళ్లిపోయాను. రెండేళ్ల తర్వాత పుస్తకం మళ్లీ అచ్చేస్తూ, నిజంగా జరిగిన సంఘటన ఏదైనా ఉంటే ముందుమాటలో రాయమని ప్రచురణకర్త అడిగాడు. అది రాయడానికి నాకు గంట కూడా పట్టలేదు.

మొన్నటి ఏడాది యాదగిరిగుట్టకు వెళ్లినప్పుడు దిగిన సత్రంలో, నీళ్ల కోసం కేకేస్తే, అంట్లు తోముతున్న ఆమె తలెత్తింది. నేను గుర్తుపట్టలేదు. ఆమె నా గొంతు గుర్తుపట్టింది.

"మీరు కట్టంగూర్ దిక్కు సారు గదా? బాగున్నరా?"

తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఊళ్లో పని దొరక్క బిడ్డను తీసుకుని గుట్టకు వచ్చేశానని, ఇక్కడ గిన్నెలు తోమడానికి ఎవరూ వద్దనలేదని మామూలుగా చెప్పింది. బిడ్డ ఏడో తరగతి చదువుతోందట. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి నా ఎదుట నిలబడింది.

"ఎవరో యాత్రకొచ్చినోళ్లు మీ పుస్తకం ఇడిసిపెట్టి పోతె మా బిడ్డ సదివింది సారూ. అమ్మా, నాయిన దొంగనా అని అడిగింది. గాదంటి. పుస్తకంల ఉన్నది గదా అన్నది."

నేను ఊరికి వెళ్లి అందరికీ చెబుతానన్నాను. మర్నాడే బస్సెక్కాను. పటేలు మంచం మీద ఉన్నాడు, ముసలివాడైపోయాడు. అరుగు మీద చెప్పాలనుకున్నది ముందు ఆయనకే చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"గాలేనని అప్పుడే అందరికి ఎర్క సారూ. మీరొచ్చి కొత్తగ జెప్పేదేమున్నది?"

"మరి ఆ మాట ఎందుకనలేదు?"

"గాలంటే వాన్ని నేను దింపినట్టయితది. ఆ పొద్దు నవ్వినోళ్లందరు దింపినట్టయితది. పాతర పట్టిందంటె ఎవ్వలు దింపినట్టు గాదు. మీరు గూడ." తర్వాత, "చాయ తాగి పోన్రి," అన్నాడు.

అరుగు ఎక్కకుండానే తిరిగొస్తూ బస్సులో ఆయన మాటే తలుచుకున్నాను. నా నవలలన్నిటిలో ఏం జరిగినా జాగాయే చేస్తుంది. బండ పడుతుంది, తలుపు మూసుకుంటుంది, గొయ్యి మింగుతుంది. మనుషులు బయట నిలబడి వణుకుతారు. చదివినవాళ్లకు అది ఎందుకు నచ్చుతుందో నేను సభల్లో గంటలు గంటలు చెప్పాను. అందరికీ అందులో సుఖం ఉంది, వణుకుతున్నవాళ్లకు కూడా. తప్పు ఎవరి మీదికీ రాదు. ఆ ముక్క ఏ సభలోనూ చెప్పలేదు.

సత్రానికి వెళ్లి ఊరి సంగతి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. "ఊరోళ్లు ఒప్పుకోకుంటె మానె. ఊరితోని నాకేం పని? బిడ్డ పుస్తకంల సదివింది. పుస్తకంలనే మళ్ల సదవాలె."

ఆ పేరా తీసెయ్యమని ప్రచురణకర్తకు రాశాను. పుస్తకం అమ్ముడుపోయేదే ఆ పేజీ వల్లనని జవాబొచ్చింది. అందుకని ఇది విడిగా రాశాను. అచ్చుకివ్వకముందు గుట్టకు తీసుకెళ్లాను. సత్రం వరండాలో బిడ్డ నిలబడి చదివింది. తల్లి గోడకానుకుని వింది. అందులో రెండు పేజీల నిండా ఆయన ఎంత మంచివాడో, ఎంత నెమ్మదస్థుడో రాశాను. అక్కడికి రాగానే ఆమె చెయ్యెత్తింది.

"గది తీసెయ్యున్రి సారూ. ఆయన మంచోడో గాదో మీకేం ఎర్క? ఆయనతోని మీరు నాలుగు మాటలు గూడ మాట్లాడలే. మంచోడని నేను జెప్పుకుంట. దొంగ గాదని మీరు జెప్పున్రి."

"పేరు రాయమంటావా అమ్మా?"

"వద్దు. పేరు రాస్తె, రేపు ఇంకోడెవడో దాని మీద ఇంకో కథ అల్లుతడు."

బిడ్డ కాగితాలు సర్ది నా చేతికిచ్చింది. ఆ రెండు పేజీలు అక్కడే తీసేశాను.

ఆయన దొంగ కాదు. పాతరలో గాలి చెడి ఉంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆ పొద్దు దాన్ని పైకి చెప్పింది ఆయన ఒక్కడే.